పదిహేడో పేజీ

పదిహేడో పేజీ తిప్పేసరికి అడుగున, అంకె పక్కనే, పెన్సిలుతో రాసి ఉంది: "రెజ్ చేశాడు."

కథలో అప్పటికి ఇంకా శవమైనా దొరకలేదు. ఒక ముసలాయన గుర్రప్పందేలకు బయలుదేరుతున్నాడు, ఆయన భార్య కిటికీ అద్దాలు తుడుస్తోంది, అంతే. చచ్చేదెవరో తెలియకముందే చంపిందెవరో తెలిసిపోయింది. పుస్తకం మూసి మంచం కిందికి తోశాను. అక్కడ అప్పటికే రెండు పడి ఉన్నాయి. ఒకదాంట్లో "పాదిరీ చేశాడు", ఇంకోదాంట్లో "నర్సు చేసింది". మార్చి, ఏప్రిల్, మే. నెలకొకటి చొప్పున మూడు పుస్తకాలు మంటగలిశాయి.

రెజ్ అనే పేరున్న మనిషిని నేను ఒక్కణ్ణే ఎరుగుదును. నేను పనిచేసిన, పళ్లు పెట్టెల్లో సర్దే ఆపిల్ షెడ్డులో మా మేస్త్రి. ఆ రెజ్ అయితే చేసే ఉంటాడు. కానీ ఆ సంతోషం ఎంతసేపు?

ఈ బాధ ఎవరికి చెప్పినా నవ్వుతారు. హంతకుడెవరో తెలిస్తే ఏమైంది, చదువుకోవచ్చుగా అంటారు. వాళ్లు రెండు రోజుల్లో పుస్తకం అవగొట్టే మనుషులు. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై మూడో ఏట, మా ఆయన క్లారీ పోయిన మరుసటి చలికాలం, గ్రంథాలయంలో గురువారం తరగతికి వెళ్లి. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. రోజుకు ఎనిమిది పేజీలు, కళ్లు బాగుంటే పది. మా ఊరి సంత నెలకొక ఆదివారం. ఒక సంతలో కొన్న పుస్తకం సరిగ్గా వచ్చే సంతకు పూర్తవుతుంది. అది పాడైతే నెల పాడైనట్టే.

అంతకు ముందు నలభై ఒక్క ఏళ్లు క్లారీయే చదివి వినిపించేవాడు. మంచివాడు, గొంతు కూడా బాగుండేది. కానీ కడుపులో మాట దాగేది కాదు. మధ్యాహ్నం టీ తాగుతూ చివరి పేజీలు ముందే చూసేసుకునేవాడు. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని చదువుతుంటే, మూడో అధ్యాయంలో ఏ డాక్టరో గుమ్మంలోకి రాగానే గొంతు మారిపోయేది. "ఈయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండు నోలా" అని కన్ను గీటేవాడు. ఇంకేముంది, అయిపోయింది. కథలే కాదు, మా అమ్మ పోయిన కబురు కూడా టెలిగ్రాం చదువుతున్న ఆయన మొహంలోనే నాకు ముందు కనపడింది. అందుకే ఒక్కటంటే ఒక్క పుస్తకం ఎవరూ చెప్పకుండా, నా వేలితో నేను చివరి పేజీ దాకా వెళ్లి, చంపిందెవరో అక్కడ తెలుసుకోవాలి. నాకు కావలసింది అంతే. దానికి ప్రతినెలా ఈ పదిహేడో పేజీ అడ్డం పడుతోంది.

ఆ పేజీ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు. మా సంతకు కొత్త పుస్తకాలు రావడం తక్కువ. ఉన్నవే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటాయి. పైగా అచ్చేసేవాళ్లు అట్టలు మారుస్తుంటారు, ఒక్కోసారి పేరు కూడా మారుస్తారు. చదివిందే మళ్లీ కొనకుండా ఉండాలని ఇక్కడి ముసలివాళ్లు ఎవరికి వాళ్లు ఒక పేజీ ఎంచుకుని, చదివిన పుస్తకంలో ఆ పేజీ మీద ఒక చిన్న గుర్తు పెట్టుకుంటారు. క్లారీది నలభై, టిక్కు పెట్టేవాడు. బళ్లో పనిచేసి పోయిన టీచరమ్మది యాభై రెండు, చేపబొమ్మ. నాది తొమ్మిది, ఆకున్న ఆపిల్ పండు. పదిహేడు ఎల్వాది. అంకె చుట్టూ సున్నా చుట్టేది. ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ సున్నా ఎప్పుడు వాక్యమైందో, ఎందుకైందో నాకు తెలియదు.

ఎల్వా నాకు కొత్త మనిషి కాదు. షెడ్డులో పద్దెనిమిదేళ్లు ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి ఆపిల్ పళ్లకు కాగితాలు చుట్టాం. నాకు చదవడం రాదని అక్కడ తనొక్కదానికే తెలుసు. గోడ మీద కొత్త నోటీసు అంటించిన రోజు, ఎల్వా దాని ముందు నిలబడి, "చూడండే, సోమవారం నుంచి అరగంట ముందే రావాలట, వీళ్ల మొహం మండ!" అని షెడ్డంతా వినపడేలా తిట్టేది. నోటీసులో ఉన్న ప్రతి ముక్కా ఆ తిట్లలో దొర్లేది. నేనూ అందరితో పాటు తల ఊపేదాన్ని. దాని నోరు మంచిది కాదని మిగతా ఆడవాళ్లు అనుకునేవారు.

అయినా సరే, జూన్ నెల సంతకు దాన్ని దులిపెయ్యాలనే వెళ్లాను. సంచిలో కొత్త రబ్బరు కూడా పెట్టుకున్నాను.

జూన్ మాకు చలికాలం. నది మీద మంచు ఇంకా విడలేదు. సంత జరిగే హాలు బయట ఉల్లిపాయలు వేగుతున్న వాసన. గుమ్మం పక్కన డెస్ తన పాత సామాను పరిచాడు. పిడి లేని గొడ్డళ్లు, పెచ్చులూడిన పింగాణీ గిన్నెలు, ముల్లు లేని గడియారాలు, బిస్కెట్ డబ్బాలు. వాటి మధ్య అద్దం బిగించిన పటాల్లో ఆపిల్ పెట్టెల లేబుళ్లు. షెడ్డులో చేరిన కొత్తలో రోజుకు నాలుగు వందలు జిగురు పెట్టి అంటించేదాన్ని నేను. చేతికి అంటుకున్న జిగురు రొట్టె ముక్కకు అంటేది. ఇప్పుడు మెల్‌బోర్న్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు వాటి ముందు నిలబడి "ఎంత ముద్దుగా ఉన్నాయో" అంటున్నారు.

"ఏం తల్లీ, మొహం అలా పెట్టావు? పుల్లటి పండు కొరికావా?" అన్నాడు డెస్.

"నీ చెత్త చూసి."

"చెత్త కాదమ్మా, ప్రాచీన వస్తువులు. నువ్వు కూడా ఇలా పక్కన నిలబడ్డావంటే ఎవరో ఒకరు పటం కట్టించుకుపోతారు."

"ముందు నిన్ను పట్టుకుపోవాలి. తుప్పు బాగా పట్టింది."

లోపలికి వెళ్లాను. పుస్తకాల బల్ల మా ఊరి ఫైర్ బ్రిగేడ్‌కు డబ్బు పోగుచెయ్యడానికి నడుస్తుంది. సంత కమిటీలోకి కొత్తగా వచ్చిన ఫియోనా ఆ నెల పుస్తకాలన్నీ రంగుల ప్రకారం సర్దించింది. ఎర్రవన్నీ ఒకచోట, నీలివన్నీ ఒకచోట. అక్షరాల వరస నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలమంతా పట్టింది. తీరా నేర్చుకున్నాక వరస ఎత్తేసి రంగులు పెట్టారు. రంగులు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఎల్వా బల్ల చివర అరటిపళ్ల అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది. చెవి మీద పెన్సిలు. ఊళ్లో ఎవరు పుస్తకాలిచ్చినా ముందు దాని వరండాలోకే చేరతాయి. అది చదివాకే బల్ల ఎక్కుతాయి.

"ఎల్వా, రెజ్ ఎవరే?"

"ఏ రెజ్? మన రెజ్ అయితే చచ్చి ఇరవై ఏళ్లయింది. దేవుడున్నాడు."

"ఆ రెజ్ కాదు. పదిహేడో పేజీలో రెజ్."

"ఓ, అదా."

"అదా ఏంటే! మూడు నెలల నుంచి నా కొంప ముంచుతున్నావు. సున్నా చుట్టుకునేదానివి కదా, సున్నాకేమైంది?"

"సున్నా వల్ల లాభం లేదే నోలా. చదివానని తెలుస్తుంది, ఏం చదివానో గుర్తురాదు. పేరు రాసుకున్నాననుకో, చూడగానే, ఓహో ఈ కథా అనిపిస్తుంది."

"అలాగైతే చివరి పేజీలో రాసుకోవే."

ఎల్వా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఒకవేళ అది చదవని పుస్తకమైతే? చివరి పేజీ తిప్పితే చంపిందెవరో ముందే కనపడిపోదూ? ఇంక చదివి ఏం సుఖం?"

సంచి బల్ల మీద పెట్టాను.

"మరి నాకు కనపడటం లేదుటే?"

"నువ్వు పదిహేడో పేజీ చూడకు."

"పదహారు నుంచి పద్దెనిమిదికి గెంతమంటావా? నేను ఒక్క వాక్యం వదిలితే దారి తప్పిపోయే మనిషిని."

"అయితే ప్రేమకథలు చదువుకో."

"వాటిల్లో పెళ్లవుతుందని అట్ట మీదే బొమ్మ వేస్తారు!"

రబ్బరు తీసి, చేతికందిన పుస్తకంలో పదిహేడో పేజీ తెరిచాను. ఎల్వా నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"చెరపకు. అది చెరిపితే నాకేమీ తెలియదు."

"తెలియకపోతే మళ్లీ చదువు. నీకు పోయేదేముంది?" అని విదిలించుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నేరుగా టీ బల్ల దగ్గరున్న ఫియోనా దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. ఫియోనా శ్రద్ధగా విని, చిన్న పుస్తకంలో రాసుకుంది. "మంచిపని చేశారు నోలా గారూ. ఇంకొకరు కూడా అన్నారు. మళ్లీ ఇలా జరిగితే బల్ల దగ్గర వేరేవాళ్లను కూర్చోబెడతాం" అంది. నేను అంతవరకు అడగలేదు. వద్దనీ అనలేదు.

తిరిగొస్తుంటే ఎల్వా ఒక పుస్తకం నా సంచిలో పడేసింది. అట్ట మీద పడవల షెడ్డు, ఎర్ర తెడ్డు. "ఇది తీసుకెళ్లు. దీంట్లో ఏమీ రాయలేదు, ఒట్టు."

ఇంటికెళ్లి కోటు కూడా విప్పకుండా పదిహేడో పేజీ తీశాను. "అక్క చేసింది."

ఈసారి మంచం కిందికి తొయ్యలేదు. కోపం కొద్దీ చదివాను. ఇద్దరు అక్కచెల్లెళ్లు, నది ఒడ్డున ఇల్లు, నీళ్లలో తేలిన షావుకారు. అక్క ఎక్కడ కనపడ్డా వేలు ఆపి, "నాకు తెలుసు నీ సంగతి" అనుకుంటూ చదివాను. ఎనభయ్యో పేజీలో అక్క చచ్చిపోయింది. నాటకమాడుతోంది అనుకున్నాను. ఆమెను పాతిపెట్టారు. బతికి లేస్తుంది చూడు అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు చచ్చారు. చివరి పేజీలో పడవ నడిపేవాడి చేతులకు బేడీలు వేశారు.

తప్పు చదివాననుకున్నాను. మళ్లీ చదివాను. దీపం దగ్గరికి జరిగి మూడోసారి ఒక్కో మాట విడదీసుకుంటూ చదివాను. పడవవాడే. అక్క పాపం ఎవర్నీ ఏమీ చెయ్యలేదు.

చాలాసేపు కూర్చున్నాక వెలిగింది. హంతకుడెవరో నాకెవరూ చెప్పలేదు. నాకు నేనుగా తెలుసుకున్నాను. ఇన్నేళ్లుగా నేను కోరుకున్నది జరిగింది. అది తెలిసేలోపే దాని రుచి పోయింది, ఎందుకంటే అప్పటికే నేను మంచం కిందికి వంగి మిగతా మూడూ లాగుతున్నాను.

మార్చి పుస్తకంలో చివరి పేజీలు చూశాను. పాదిరీయే. అది సరిపోయింది. ఏప్రిల్ దాంట్లో నర్సు ఉంది గానీ ఆమె చచ్చినవాళ్లలో ఉంది. మే పుస్తకంలో రెజ్ కోసం రెండు సాయంత్రాలు వెతికాను. ప్రతి పేజీ మీదా వేలు నడిపించాను. ఆ పుస్తకం మొత్తంలో రెజ్ అనేవాడే లేడు. కిటికీ తుడుస్తున్న భార్యే చంపింది.

రెజ్ మన రెజ్జే. ఆపిల్ షెడ్డు రెజ్. ఎల్వా ఆ పుస్తకం చివరికి వచ్చేసరికి జ్ఞాపకం చెదిరి ఎక్కడ తిరుగుతోందో, ఎవరితో పోట్లాడుతోందో నాకు అర్థమైంది. అర్థమయ్యాక దాని మీద ఇంకా కోపం వచ్చింది. చెప్పొచ్చుగా! పద్దెనిమిదేళ్లు నా రహస్యం మోసిన మనిషి తన రహస్యం నాకు చెప్పొచ్చుగా! పైగా నేనేం చేశాను? పోయి ఫియోనాకు చెప్పాను.

జూలై సంతకు అందరికంటే ముందు వెళ్లాను. అయినా ఎల్వా అప్పటికే వచ్చేసింది. నిన్న కూడా వచ్చి హాలు మెట్ల మీద గంటసేపు కూర్చుందని డెస్ చెప్పాడు. "శనివారం ఎవడైనా సంత పెడతాడా? నేనే ఇంటి దగ్గర దింపాను" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఎల్వా నన్ను చూడగానే లేచి నిలబడింది. గొంతు తగ్గించింది. "నోలా, ఆ పడవల పుస్తకంలో నేను రాశానే. రాయలేదని ఒట్టేశాను, తర్వాత మంచం మీద గుర్తొచ్చింది. చెడగొట్టేశాను కదూ?"

"ఊఁ."

"అక్కే కదా చేసింది?"

మామూలుగా అడిగింది. కానీ పెన్సిలు పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. నాకు ఆ చూపు తెలుసు. నోటీసు ముందు నిలబడి, పక్కవాళ్లు తల ఊపితే నేనూ ఊపుదామని చూసేదాన్ని కదా, అదే చూపు.

ఇంతలో ఫియోనా వచ్చింది. చేతిలో ఆ చిన్న పుస్తకం. "నోలా గారూ, పోయినసారి మీరు చెప్పిన విషయం. మళ్లీ ఏమైనా రాసి ఉందా? ఉంటే చెప్పండి, మొహమాటపడకండి. ఎల్వా గారికి టీ బల్ల దగ్గర కుర్చీ వేస్తాం. అక్కడ హాయిగా ఉంటుంది."

ఎల్వా నావైపు చూడటం మానేసి అట్టపెట్టెలోకి చూసింది.

"రాసి ఉంది. అక్క చేసిందని రాసింది. అక్కే చేసింది. నాశనం చేసింది పుస్తకాన్ని!" హాలంతా వినపడేలా అన్నాను. "అయినా దాన్ని అని ఏం లాభం? రాయమని అడిగింది నేనే."

"మీరా?" అంది ఫియోనా. "పోయిన నెల మీరే కదా—"

"పోయిన నెల సిగ్గుపడి మాట మార్చాను. నేను చదవడం ముసలితనంలో నేర్చుకున్నదాన్నమ్మా. అరవై మూడేళ్లకు. చివర ఏమవుతుందో ముందే తెలియకపోతే నాకు కథ అర్థం కాదు. దారి తప్పిపోతాను. అందుకని రాసిపెట్టమన్నాను."

టీ బల్ల దగ్గరవాళ్లందరూ నావైపు తిరిగారు. క్లారీకి, ఎల్వాకి, గ్రంథాలయంలో నలుగురికి తప్ప తెలియని సంగతి హాలులో ఉన్న యాభై మందికీ తెలిసింది. ఫియోనా మొహం ఎర్రబడింది. "అయ్యో, నాకు తెలియదు. క్షమించండి" అని పుస్తకంలో ఏదో కొట్టేసింది.

"మరి రంగుల వరస తీసేసి అక్షరాల వరస పెట్టించు. నేను కష్టపడి నేర్చుకున్నాను" అన్నాను. వచ్చిన అవకాశం ఎందుకు వదలాలి?

ఫియోనా వెళ్లాక ఎల్వా కుర్చీలో కూర్చుంది. పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. తర్వాత, "అక్కే అని నాకు తెలుసు. నేనలా మర్చిపోతానా?" అంది.

"నోరు మూసుకుని అటు జరుగు" అని పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇకనుంచి ప్రతి సంతకూ అక్కడే కూర్చోవాలా అని అప్పుడు ఆలోచించలేదు గానీ, వచ్చే సంత ముందు శనివారం దాన్ని మెట్ల మీద కూర్చోనివ్వకూడదని మాత్రం అనుకున్నాను.

అయితే నేను చేసిన మంచిపనికి శిక్ష ఆ మధ్యాహ్నమే మొదలైంది. ముందు డెస్ వచ్చాడు. ఎన్నడూ లేని మర్యాదతో టోపీ తీశాడు.

"నోలా, నాకు ముందే చెప్పొచ్చుగా తల్లీ. నీ చేతిలో ఉన్నదేంటి? ఆ పచ్చ అట్టదా? అది నేను చదివాను. చివర్లో ఆ లాయరు—"

"డెస్!"

"కంగారు పడకు, మెల్లగానే చెబుతా. ఆ లాయరే ఆవిడ మొదటి మొగుడు. ఇంక హాయిగా చదువుకో."

తర్వాత పోస్టాఫీసు ఆవిడ వచ్చి ఇంకో రెండు పుస్తకాల ముగింపులు చెప్పి, నా భుజం తట్టి వెళ్లింది. సాసేజీలు కాల్చే ఆయన కాల్చడం ఆపి వచ్చి ఒకటి చెప్పాడు. అందరూ నా మేలు కోరేవాళ్లే. అందరికీ ముగింపులు సరిగ్గా గుర్తున్నాయి. సాయంత్రానికి ఆ బల్ల మీద ఉన్న హత్యలన్నీ తేలిపోయాయి. నాకు మిగిలినవి ఎల్వా పెన్సిలుతో రాసినవే. అక్కడ తప్ప నాకు దిక్కు లేదు.

అందుకని వచ్చేటప్పుడు ఎల్వా ఇచ్చిన పుస్తకమే తెచ్చుకున్నాను. ఎల్వా తప్ప ఎవరూ చదవనిది, దాని వరండాలోంచి ఆ ఉదయమే వచ్చింది. పదిహేడో పేజీలో పెద్ద అక్షరాలతో, ఈసారి నాకోసమని గీత కూడా గీసి రాసింది: "తోటమాలి చేశాడు."

ఇప్పుడు ఆ పుస్తకమే చదువుతున్నాను. సుఖంగా చదవాలి నిజానికి. రాసింది తప్పే అయి ఉంటుంది, ముగింపు నాకోసం భద్రంగానే ఉంటుంది. కానీ తోటమాలి పేరు వచ్చిన ప్రతిచోటా వేలు ఆగుతోంది. వాడు కత్తెర పట్టుకుంటే సంతోషం వేస్తోంది. యజమానితో గొడవ పడితే, శభాష్, అలాగే కానివ్వు అనుకుంటున్నాను. చచ్చిన మనిషి జేబులో గులాబీ రేకు దొరికిన రోజు లేచి టీ పెట్టుకున్నాను.

నిన్న నూట నలభయ్యో పేజీ చదివాను. హత్య జరిగిన వారమంతా తోటమాలి కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడట. డాక్టరు సాక్ష్యం కూడా చెప్పాడు.

పుస్తకం ఒళ్లో పడేసి, "లేవరా వెధవా" అన్నాను. "కట్టు విప్పుకుని లే. ఇంకా తొంభై పేజీలున్నాయి."